విండోస్ అప్‌గ్రేడ్ అయ్యాక వైఫై పోయిందా? స్క్రూడ్రైవర్ తీసే ముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తాను. విండోస్ 10 నుంచి 11కి మారిన మర్నాడు వైఫై గుర్తు మాయమైన ల్యాప్‌టాప్‌లు నా చేతికి చాలానే వచ్చాయి. వాటిలో నిజంగా వైఫై కార్డు కాలిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ డ్రైవర్ గొడవలే. స్క్రూ విప్పకుండా, కొత్త పార్టు కొనకుండా, మనమే కూర్చుని చేసుకోగలిగినవే. అయినా జనం డబ్బులు పోసి కార్డులు మార్పిస్తున్నారు, ఫార్మాట్ కొట్టించి ఫోటోలు పోగొట్టుకుంటున్నారు. వాటన్నిటికన్నా ప్రమాదమైన పని ఇంకొకటి కూడా చేస్తున్నారు. దాని గురించి చివర్లో చెప్తా.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 2015 జూలైలో వచ్చిన సిస్టమ్ అది, పదేళ్లు నడిచింది. మన వైపు ఇళ్లలో ఉన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు దాని మీద పుట్టినవే. కరోనా టైమ్‌లో ఆన్‌లైన్ క్లాసుల కోసమని అప్పో సప్పో చేసి కొన్నవి, అన్నయ్య ఉద్యోగం వచ్చాక తమ్ముడికి ఇచ్చేసినవి, ఏలూరు షాపుల్లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవి. అవన్నీ ఇప్పుడు "సపోర్ట్ అయిపోయింది, అప్‌గ్రేడ్ చెయ్యండి" అని స్క్రీన్ మీద అడుగుతున్నాయి. జనం నొక్కుతున్నారు. అర్ధగంటో గంటో తిరిగాక కొత్త వాల్‌పేపర్ వస్తుంది, కింద మూలన వైఫై గుర్తు బదులు భూగోళం బొమ్మ వస్తుంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. తాడేపల్లిగూడెం ఇంటికి వెళ్లానంటే బట్టల బ్యాగు దించకముందే "బాబూ, నువ్వు కంప్యూటరే కదా చదివింది" అంటూ ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తారు. నేను రాసేది బ్యాకెండ్ కోడు, హార్డ్‌వేర్ రిపేర్ కాదు అంటే వినరు. వినకపోవడమూ న్యాయమే. బీటెక్ చేసినవాడు ఇంట్లో వైఫై కూడా చూడలేకపోతే ఇంకెందుకు?

అసలు ఏం జరుగుతుంది?

డ్రైవర్ అంటే విండోస్‌కీ, వైఫై చిప్‌కీ మధ్య దుబాసీ. చిప్ భాష విండోస్‌కి రాదు, విండోస్ భాష చిప్‌కి రాదు. సిస్టమ్ మారినప్పుడు మూడింట్లో ఒకటి జరుగుతుంది. పాత దుబాసీ కొత్త సిస్టమ్‌లో పనికిరాదని తీసేస్తారు. లేదా విండోస్ తన దగ్గరున్న సాదాసీదా డ్రైవర్ ఒకటి పెట్టేస్తుంది, అది పైకి బాగానే కనిపిస్తుంది గానీ స్లీప్ నుంచి లేచాక పడిపోతుంది. లేదా డ్రైవర్ సరిగ్గానే ఉంటుంది, దాని సెట్టింగులు మారిపోతాయి.

తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేవి రియల్‌టెక్, మీడియాటెక్ చిప్‌లు. కొంచెం పై ధరలో ఇంటెల్ ఉంటుంది. ఇంటెల్ ఏఎక్స్201 లాంటి కార్డుల్లో సగం పని ప్రాసెసర్ వైపే ఉంటుంది, కార్డు మీద ఉండేది రేడియో భాగమే. అందుకే కార్డు బాగానే ఉన్నా "ఈ డివైజ్ స్టార్ట్ అవ్వలేదు, కోడ్ 10" అని రావచ్చు. ఆ మెసేజ్ చూడగానే కార్డు పోయిందని తీర్పు చెప్పేసేవాళ్లున్నారు. అది తీర్పు కాదు, ఫిర్యాదు. విచారణ ఇంకా మొదలవ్వలేదు.

ఇక్కడ అసలు చిక్కు ఏంటంటే, డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు. పదేళ్ల కిందట ఈ చిక్కు ఇంతగా లేదు. అప్పటి ల్యాప్‌టాప్‌కి పక్కన లాన్ పోర్టు ఉండేది, వైరు గుచ్చితే పని జరిగిపోయేది. సన్నగా, తేలిగ్గా ఉండాలని కంపెనీలు ఆ పోర్టు తీసేశాయి. కొల్లేటి పక్కన పెరిగినవాళ్లకి ఇది వివరంగా చెప్పక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు లాంటివి ఎన్నో వచ్చి సరస్సులో కలుస్తాయి, నీళ్లు సముద్రంలోకి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. అది పూడుకుపోతే లంక గ్రామాల గతి ఏమవుతుందో మనకు తెలుసు. ఒకటే దారి ఉన్న ల్యాప్‌టాప్ కూడా అంతే.

ఇది కొత్త జబ్బు కాదు

"విండోస్ 11 చెత్త, 10 బంగారం" అనేవాళ్లకి కొంచెం చరిత్ర చెప్పాలి. 2015లో విండోస్ 10 వచ్చిన కొత్తలోనే, 8.1 నుంచి మారినవాళ్లలో కొందరికి ఒక్క వైఫై నెట్‌వర్క్ కూడా కనిపించలేదు. ఆ సిస్టమ్‌లలో పాత వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఉండటమే కారణమని, దాని తాలూకు ముక్క ఒకటి రిజిస్ట్రీలో మిగిలిపోయి అడ్డం పడుతోందని మైక్రోసాఫ్టే ఒప్పుకుని, దాన్ని తీసేసే పద్ధతి చెప్పింది. 2016 డిసెంబర్‌లో ఇంకోటి. విండోస్ 10లో ఒక సర్వీస్ కుప్పకూలి, కంప్యూటర్లు రూటర్ నుంచి ఐపీ అడ్రస్ తీసుకోలేకపోయాయి. అప్పుడు వాళ్లిచ్చిన తక్షణ సలహా: రీస్టార్ట్ చెయ్యండి.

విండోస్ 11లో చెప్పుకోవాల్సింది 2023 డిసెంబర్ సంగతి. ఆ నెల వచ్చిన అప్‌డేట్ తర్వాత కొన్ని వైఫై అడాప్టర్లు కొన్ని నెట్‌వర్క్‌లకి కనెక్ట్ అవ్వలేదు. దెబ్బ ఎక్కువగా పడింది యూనివర్సిటీలు, ఆఫీసుల నెట్‌వర్క్‌ల మీద, అంటే యూజర్ ఐడీ పాస్‌వర్డ్ రెండూ అడిగే రకం వైఫై మీద. ఇంట్లో మామూలు పాస్‌వర్డ్ వైఫైకి పెద్దగా ఇబ్బంది రాలేదు. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది, కొద్ది రోజుల్లోనే ఆ మార్పును వెనక్కి తీసుకుంది. గమనించండి, అప్పుడు హాస్టల్‌లో "నా కార్డు పోయింది" అనుకుని షాపుకి పరిగెత్తినవాడు డబ్బులు వేస్ట్ చేసుకున్నట్టే. రెండు వారాలు ఆగి ఉంటే దానంతట అదే వచ్చేది.

కాబట్టి విండోస్ నంబర్ ఏదైనా ఈ గొడవ తిరిగి వస్తూనే ఉంటుంది. మనం నేర్చుకోవాల్సింది వరుసగా చూసుకుంటూ వెళ్లే పద్ధతి.

వరుస తప్పకుండా చూడండి

మొదటిది, తప్పు ఎవరిదో తేల్చండి. అదే వైఫైకి ఫోన్ పెట్టి చూడండి. ఫోన్‌కీ రాకపోతే ల్యాప్‌టాప్‌ని వదిలేయండి. ఫైబర్ బాక్సు మీద ఎల్ఓఎస్ అన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే బయట కేబుల్ తెగిందని అర్థం. మన ఊళ్లలో ఫైబర్ కేబుల్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. గాలివాన కొడితే, స్తంభం దగ్గర కొమ్మలు నరికితే తెగడం మామూలే. అప్పుడు ఫోన్ చేయాల్సింది కేబుల్ ఆపరేటర్‌కి. అప్‌గ్రేడ్ అయిన రోజే కేబుల్ తెగితే, పాపం విండోస్‌ని తిట్టేస్తాం.

రెండోది, రీస్టార్ట్. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఈ తేడా చాలామందికి తెలియదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే, మీరు షట్‌డౌన్ నొక్కినా సిస్టమ్ పూర్తిగా ఆగదు. లోపలి భాగాన్ని అలాగే డిస్క్‌లో దాచి పడుకుంటుంది, పొద్దున్న అదే పాత స్థితితో లేస్తుంది. అంటే చెడిపోయిన వైఫై కూడా చెడిపోయినట్టే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే మొత్తం మొదటి నుంచి మొదలవుతుంది. "నేను పదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశానండి" అనేవాళ్లు ఒక్కసారి కూడా రీస్టార్ట్ చేసి ఉండరు.

రీస్టార్ట్‌తో రాకపోతే చార్జర్ తీసేసి, పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ బటన్ అర నిమిషం పైగా నొక్కి పట్టుకోండి. తర్వాత మామూలుగా ఆన్ చేయండి. ఇంటెల్ కార్డుల కోడ్ 10 చాలాసార్లు దీంతోనే పోతుంది. ఇది మంత్రం కాదు. చిప్‌లో మిగిలిన కరెంటు పోయి, అది మళ్లీ మొదటి నుంచి లేవడం అంతే.

మూడోది, డివైజ్ మేనేజర్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే లిస్టులో ఉంటుంది. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరవండి. ఇక్కడ మూడు దృశ్యాల్లో ఒకటి కనిపిస్తుంది.

కార్డు పేరు మామూలుగా ఉంది, పక్కన ఏ గుర్తూ లేదు: డ్రైవర్ ఉంది, సెట్టింగుల గొడవ. నెట్‌వర్క్ రీసెట్ చేయండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. ఇది చేస్తే సేవ్ అయిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, ముందే రాసి పెట్టుకోండి. సర్వీసెస్‌లో డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ అన్నది నడుస్తోందో లేదో కూడా చూడండి. అది ఆగిపోతే నెట్‌వర్క్‌లు కనపడవు.

కార్డు పేరు ఉంది, పక్కన పసుపు త్రికోణం ఉంది: డ్రైవర్ పడట్లేదు. ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌లోకి వెళ్లి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కగలిగితే నొక్కండి. అది మసగ్గా ఉంటే అన్ఇన్‌స్టాల్ డివైజ్ కొట్టి రీస్టార్ట్ చేయండి. అన్ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డ్రైవర్‌ని కూడా తీసేయాలా" అని అడుగుతుంది. చేతిలో కొత్త డ్రైవర్ ఫైలు లేకపోతే అక్కడ టిక్ పెట్టకండి. ఉన్నదీ పోయి చేతులు ఊపుకుంటూ కూర్చోవాలి.

కార్డు పేరే లేదు: వ్యూ మెనూలో షో హిడెన్ డివైజెస్ నొక్కి చూడండి. అదర్ డివైజెస్ కింద "నెట్‌వర్క్ కంట్రోలర్" అని అనాథలా ఉందేమో చూడండి. ఉంటే మంచి వార్తే. చిప్ బతికే ఉంది, దుబాసీ లేడంతే.

నాలుగోది, డ్రైవర్ తెచ్చుకోవడం. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే చాలు. చార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ వచ్చేస్తుంది, దీనికి వైఫై డ్రైవర్ అక్కర్లేదు. మొబైల్ డేటా అయిపోతుందని భయం వద్దు. చాలా ఫోన్లలో, ఫోన్ ఇంటి వైఫైకి కనెక్ట్ అయి ఉంటే టెథరింగ్ కూడా ఆ వైఫై నుంచే వెళ్తుంది. అంటే మీ ఫోన్ తాత్కాలికంగా ల్యాప్‌టాప్‌కి వైఫై కార్డు అయిపోయింది. లంక ఊళ్లలో సిగ్నల్ ఒకటి రెండు గీతలున్న చోట ఇది చాలా ఉపయోగం. ఐఫోన్‌తో కూడా అవుతుంది గానీ దానికి ల్యాప్‌టాప్‌లో యాపిల్ డ్రైవర్ ముందే ఉండాలి. కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక రకం అయితే పనిచేయదు, ఫైళ్లు ఎక్కే కేబుల్ కావాలి.

నెట్ వచ్చాక విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ చూడండి. అక్కడ లేకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌కి వెళ్లి, వెనక స్టిక్కర్ మీదున్న మోడల్ నంబర్ కొట్టి అక్కడి డ్రైవర్ దింపండి. "ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ" అని ఆశపెట్టే ఉచిత యాప్‌ల జోలికి మాత్రం పోకండి. వైఫై కోసం వెళ్లి, నాలుగు అక్కర్లేని సాఫ్ట్‌వేర్లతో తిరిగొస్తారు.

ఐదోది, ఫోన్‌కి కనిపించే నెట్‌వర్క్ ల్యాప్‌టాప్‌కి మాత్రమే కనిపించకపోవడం. పక్కింటి వైఫై కనిపిస్తుంది, మనది కనపడదు! దీనికి ఒక చిత్రమైన కారణం ఉంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో 1 నుంచి 13 దాకా చానళ్లు వాడొచ్చు. అమెరికాలో మామూలుగా 11తోనే ఆపేస్తారు. అప్‌గ్రేడ్‌లో వచ్చిన కొత్త డ్రైవర్ అమెరికా లెక్క పట్టుకుంటే, మీ రూటర్ 12లోనో 13లోనో ఉన్నప్పుడు దానికి కనపడదు. రూటర్ సెట్టింగ్స్‌లో చానల్‌ని ఆటో తీసి 1, 6, 11లో ఒకటి పెట్టండి. అలాగే రూటర్ బాగా పాతదై సెక్యూరిటీ డబ్ల్యూఈపీ, టీకేఐపీ లాంటి కాలం చెల్లిన పద్ధతుల్లో ఉంటే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మార్చండి. కొత్త విండోస్‌లకి ఆ పాత పద్ధతులంటే పడదు.

ఆరోది, కాలేజీ, ఆఫీస్ వైఫై. ఇంట్లో బాగా పనిచేసి క్యాంపస్‌లో మాత్రమే రాకపోతే మీ ల్యాప్‌టాప్ బాగానే ఉన్నట్టు. విండోస్ 11 కొత్త వెర్షన్లు లాగిన్‌కి టీఎల్ఎస్ 1.3 వాడటం మొదలెట్టాయి. కాలేజీ సర్వర్ పాతదైతే దానికి అర్థం కాదు. మీ ల్యాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ రిజిస్టర్ చేయించుకున్న హాస్టల్ అయితే, ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపండి. లేదంటే మీరు రోజుకో కొత్త ముఖంతో గేటు దగ్గరికి వెళ్లినట్టే, వాచ్‌మన్ లోపలికి రానివ్వడు. ఇవి రెండూ కాకపోతే సిస్టమ్ అడ్మిన్ దగ్గరికి వెళ్లండి, రిపేర్ షాపుకి కాదు.

ఇవేవీ పని చేయకపోతే వెనక్కి వెళ్లే దారి ఉంది. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ కింద గో బ్యాక్ నొక్కితే పాత విండోస్ వచ్చేస్తుంది. ఈ లోపు డిస్క్ ఖాళీ చేద్దామని విండోస్ డాట్ ఓల్డ్ అన్న ఫోల్డర్ తీసేశారో, ఆ దారి మూసుకుపోయినట్టే.

షాపుకి వెళ్లాల్సి వస్తే

రిపేర్ షాపుల వాళ్లందరూ మోసం చేస్తారని నేను అనను. ఏలూరులో, భీమవరంలో నాకన్నా పది రెట్లు చేయి తిరిగిన మెకానిక్‌లున్నారు. బోర్డు మీద చీమంత కెపాసిటర్ మార్చే పనితనం బీటెక్‌లో ఎవరూ నేర్పరు. కాకపోతే వాళ్లకి టైమ్ ఉండదు. కౌంటర్ మీద పది మెషీన్లుంటాయి. డ్రైవర్ వెతుకుతూ గంట కూర్చుంటే ఎంత తీసుకోగలరు? "ఇంటర్నెట్ నుంచి ఫైలు దింపినందుకు ఐదొందలా?" అని మనమే గొడవ పెడతాం. అదే కార్డు మార్చి వెయ్యో, రెండు వేలో అడిగితే మారు మాట్లాడకుండా ఇస్తాం. చేతికి కనిపించే వస్తువుకి డబ్బులిచ్చి, తెలివికి ఇవ్వని అలవాటు మనదే. అందుకే ఫార్మాట్‌లు, కార్డు మార్పిడ్లు.

కార్డు నిజంగా పోయిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై ఉబుంటు" అని దాన్నుంచే ల్యాప్‌టాప్ ఆన్ చేయండి. అక్కడ వైఫై వస్తే కార్డు నూటికి నూరుపాళ్లు బాగున్నట్టు, తప్పు విండోస్ వైపు. అయితే రాకపోయినంత మాత్రాన కార్డు పోయిందని కాదు. కొన్ని రియల్‌టెక్ చిప్‌లకి ఉబుంటులో కూడా తిప్పలే. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో పడుకుని ఉన్నా అక్కడ కార్డు కనపడకపోవచ్చు. అందుకే రీస్టార్ట్ నొక్కి అక్కడి నుంచే పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లండి. ఈ పరీక్ష చేయించమని షాపులో అడగండి. అడిగిన కస్టమర్‌ని చూసే తీరు మారుతుంది.

కార్డు మార్చక తప్పకపోతే ఒక జాగ్రత్త. ఏఎక్స్201 లాంటివి వాటికి తగ్గ ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలోనే పనిచేస్తాయి. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెడితే అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ఏఎక్స్200, ఏఎక్స్210 లాంటివి రెండింట్లోనూ నడుస్తాయి. ఇంత ఖర్చు వద్దనుకుంటే కొన్ని వందల రూపాయల్లో యూఎస్‌బీ వైఫై డాంగిల్ దొరుకుతుంది. చూడ్డానికి బాగోదు గానీ పని జరుగుతుంది.

బయోస్ రీసెట్ చేస్తామన్నా, ఫార్మాట్ కొడతామన్నా ముందు బిట్‌లాకర్ రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసుకోండి. డిస్క్ లాక్ అయి కీ లేకపోతే ఫైళ్లు ఎవరూ తీసివ్వలేరు. వైఫై కోసం వెళ్లి పదేళ్ల ఫోటోలు పోగొట్టుకోవడం అంటే ఇదే.

అన్నిటికన్నా ప్రమాదమైన పరిష్కారం

మొదట్లో చివర్లో చెప్తానన్నది ఇదే. మనోళ్లలో చాలామంది ఒకసారి దెబ్బ తగిలాక అప్‌డేట్‌లు శాశ్వతంగా ఆపించేస్తున్నారు. "ఇంక అది అడగకుండా చేసేయండి" అని షాపులో చెప్తారు, వాళ్లు సర్వీస్ ఆపేసి ఇచ్చేస్తారు. ఒక సాయంత్రం వైఫై పోయినందుకు ఐదేళ్లు తలుపు తీసి పడుకోవడం అన్నమాట.

అదే ల్యాప్‌టాప్‌లో ఏం చేస్తున్నామో ఆలోచించండి. నాన్నగారి నెట్‌బ్యాంకింగ్ అందులోనే. చేపల చెరువు లీజు కాగితాల స్కాన్‌లు, మేత కంపెనీ బిల్లులు, ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవడం, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, పాన్, ఆధార్ కాపీలు, అన్నీ. సెక్యూరిటీ అప్‌డేట్‌లు లేని సిస్టమ్‌లో ఇవన్నీ పెట్టుకోవడం కంటే రెండు రోజులు వైఫై లేకుండా ఉండటం నయం. చెరువు గట్టుకి గండి పడితే ఆ పూటే పూడుస్తాం. కంప్యూటర్ గట్టుకి పడిన గండి కంటికి కనపడదు కాబట్టి వదిలేస్తున్నాం.

మీ ల్యాప్‌టాప్ విండోస్ 11కి అర్హత లేనిదైతే, అంటే ఇంటెల్ 8వ జనరేషన్ కన్నా పాతదో, టీపీఎం 2.0 లేనిదో అయితే, అడ్డదారిలో 11 ఎక్కించమని నేను చెప్పను. ఎక్కుతుంది. డ్రైవర్ల తిప్పలు ఎక్కువగా చూసేది మాత్రం ఆ మెషీన్లలోనే, అక్కడ మైక్రోసాఫ్ట్‌ని అడిగే హక్కు కూడా ఉండదు. విండోస్ 10లోనే ఉండి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి నమోదు అవ్వొచ్చు. 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్‌లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఈ లోపు కొత్తది కొనుక్కోవాలా, ఉబుంటుకి మారాలా అని నింపాదిగా ఆలోచించుకోవచ్చు.

కంపెనీలూ, రివ్యూలు రాసే మనమూ

ఇంతవరకు మీరేం చేయాలో చెప్పాను. నిజానికి ఈ పనులన్నీ మీ నెత్తిన ఎందుకు పడాలి? గూడెంలో పొద్దున్నే టిఫిన్ సెంటర్ నడిపే బాబాయ్‌కి డివైజ్ మేనేజర్ గురించి ఎందుకు తెలియాలి? ఇది కంపెనీలు చేయాల్సిన పని. చాలా చిన్న పని కూడా. అప్‌గ్రేడ్ మొదలెట్టే ముందు ఈ ల్యాప్‌టాప్ వైఫై కార్డుకి కొత్త సిస్టమ్‌లో పనిచేసే డ్రైవర్ ఉందా అని చూసి, దాన్ని డిస్క్‌లో దింపి పెట్టి, అప్పుడు మొదలెట్టాలి. లేకపోతే "మీ వైఫై ఆగిపోవచ్చు" అని పెద్ద అక్షరాల్లో, తెలుగులో చెప్పాలి. కొత్తగా విండోస్ 11 వేస్తే మొదటి స్క్రీన్‌లోనే ఇంటర్నెట్ కలిపితే గానీ ముందుకి పోనివ్వదు. వైఫై డ్రైవర్ లేని మెషీన్ ఇంటర్నెట్ ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ స్క్రీన్ మీదే డ్రైవర్ వేసుకునే బటన్ ఇటీవలే పెట్టారు. మంచిదే. పెట్టడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది అన్నదే నా ప్రశ్న.

ల్యాప్‌టాప్ కంపెనీలు కూడా మూడేళ్లు దాటిన మోడళ్లకి డ్రైవర్ల పేజీని పాడుబడిన ఇల్లులా వదిలేయకూడదు. మన దగ్గర ల్యాప్‌టాప్ మూడేళ్లకి పాతబడదు, చేతులు మారుతుంది అంతే.

ఇక రివ్యూలు రాసే మన వంతు. మేం ప్రాసెసర్ గురించి రెండు పేరాలు రాస్తాం, డిస్‌ప్లే రంగుల గురించి మూడు, గేమ్‌లో ఎన్ని ఫ్రేమ్‌లు వచ్చాయో టేబుల్ వేస్తాం. లోపల ఏ వైఫై చిప్ ఉందో, లాన్ పోర్టు ఉందో లేదో, కార్డు మార్చుకునే వీలుందా లేక బోర్డుకి అంటించేశారా అని ఎంతమంది రాస్తున్నారు? ఏలూరు నుంచి ఆకివీడు దాకా కొనేవాళ్లకి 144 హెర్ట్జ్ స్క్రీన్ కన్నా ఆ మూడు వాక్యాలే ఎక్కువ పనికొస్తాయి. ఇక మీదట నేను రాసే ప్రతి ల్యాప్‌టాప్ రివ్యూలో ఆ మూడూ ఉంటాయి. లాన్ పోర్టు లేని మోడల్‌కి మార్కులు తగ్గిస్తాను.

అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒక్కటే. అప్‌గ్రేడ్ బటన్ నొక్కే ముందు పది నిమిషాలు కేటాయించండి. డివైజ్ మేనేజర్‌లో కార్డు పేరు ఫోటో తీసుకోండి. కంపెనీ సైట్ నుంచి విండోస్ 11 వైఫై డ్రైవర్ దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. బిట్‌లాకర్ కీ, వైఫై పాస్‌వర్డ్ కాగితం మీద రాయండి. ముఖ్యమైన ఫైళ్లు కాపీ తీసుకోండి. మర్నాడు పరీక్షో, ఇంటర్వ్యూనో, కౌన్సెలింగ్ ఆఖరి తేదీయో ఉంటే ఆ రాత్రి అప్‌గ్రేడ్ జోలికే వెళ్లకండి. శనివారం పొద్దున్న, కరెంటు ఉన్నప్పుడు, చార్జర్ పెట్టి, పక్కన ఒక డేటా కేబుల్ ఉంచుకుని నొక్కండి. వైఫై పోయినా కంగారు పడకుండా, పైన చెప్పిన వరుసలో ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లండి.